పడమటికి చూసే డిష్

బుక్కరాయసముద్రంలో మా వీధి మిద్దెల మీదున్న డిష్షులన్నీ మొహం పైకెత్తి నడినెత్తికి చూస్తుంటాయి. మా ఇంటిది ఒక్కటే తల దించి పడమటి దిక్కుకు చూస్తుంది. పైగా అది వాటికంటే చాలా పెద్దది. బిగించిన కొత్తలో వీధి వీధంతా దాన్ని చూసి గుసగుసలాడింది. మ్యాచ్‌లో బంతి పడటం అందరికంటే ముందు చూసి పందేలు కాయడానికే అని కొందరు తేల్చేశారు. ఎదురింటామె నేరుగా వచ్చి, కువైట్ నుంచి తెచ్చిన బంగారం ఏమన్నా అందులో దాచినావా అని నవ్వుతూ అడిగింది. నవ్వుతూ అడిగేవాళ్ళే నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్ళు. నాకు మాత్రం కోపం రాలేదు. ఆమె మిద్దె మీద అలాంటిది లేచి ఉంటే ఆ రోజే పోయి నేనూ అడిగేదాన్ని.

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు ఎదురుగా పితికినా వేలు ముంచి చూస్తాను. ఆటోవాడు దగ్గరి దారి అంటే దూరపు దారే అనుకుంటాను. మా అన్న దీన్ని జబ్బు అంటాడు. ఆ జబ్బు నాకు అంటించింది ఎవరో అతనికి బాగా తెలుసు, అందుకే ఆ మాట ఎక్కువసేపు సాగదీయడు.

మా వైపు కువైట్‌కు ఆడమనుషుల్ని పంపిన ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఇక్కడ ఎవరైనా పోతే అక్కడున్నవాళ్ళకు చెప్పరు. చెప్తే ఏం చేస్తుంది, సెలవు ఇయ్యరు, విమానం ఎక్కలేదు, పరాయి ఇంట్లో వంటగదిలో ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది, దానికంటే తెలియకపోవడమే మేలు అని పెద్దలు అనుకుంటారు. శవం లేస్తుంది, దినాలు అయిపోతాయి, అక్కడిదానికి మాత్రం అందరూ బాగున్నారనే చెప్తారు. లీవు మీద వచ్చినప్పుడు కాళ్ళు కడుక్కోనిచ్చి అప్పుడు చెప్తారు. దీన్ని ఎవరూ అబద్ధం అనరు. జాగ్రత్త అంటారు.

నేను కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేశాను. మొదట పిల్లల్ని పెంచాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ ఇంటి పెద్దావిణ్ణి చూసుకున్నాను. ఇంట్లోవాళ్ళందరూ ఆమెను ఉమ్మీ అనేవాళ్ళు, అంటే నా తల్లి అని. నేనూ అదే అనేదాన్ని. శుక్రవారం శుక్రవారం మా ఊరికి ఫోన్ చేసుకునేదాన్ని. మా ఊరు కుందుర్పి దగ్గర, వాన పడితే పంట, లేకపోతే లేదు. ఒక సంవత్సరం ఉగాది దాటినాక ఫోన్ చేస్తే అన్న ఎత్తి, నాయన పండుకోనుండాడు అన్నాడు. మళ్ళీ శుక్రవారం చేసినా అదే మాట. ఆ మళ్ళీ శుక్రవారమూ అదే. ప్రతిసారీ నేను, "లేపొద్దులే న్నా, పండుకోనీ" అనేదాన్ని. ఒకరోజు అన్న నా ఫోన్‌కు వీడియో పంపాడు. నాయన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పెరికిన శెనక్కాయ చెట్లు కుప్పగా పడున్నాయి, పచ్చి ఆకుతోనే. ఒక్కొక్క చెట్టు తీసుకుని కాయ తెంపి చాటలో వేస్తున్నాడు. ఎండకు కళ్ళు చికిలించి ఇటు చూసి ఏదో అన్నాడు, గాలి హోరులో వినబడలేదు. ఉమ్మీకి చూపిస్తే, మీ నాన్న చేతులు నీ చేతుల్లాగే ఉన్నాయి అంది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసి ఉంటానో నాకే తెలియదు.

లీవు దొరికి బెంగళూరులో దిగితే విమానాశ్రయం బయట అన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. నాయన రాలేదా అని అడిగాను. అన్న నా పెట్టె అందుకుని బండి వైపు నడిచాడు. పెనుకొండ దాటినాక చెప్పాడు.

ఆ తర్వాత ఫోన్‌లో వచ్చే మాటనైనా, బొమ్మనైనా నేను నమ్మితే ఒట్టు.

పని చాలించి ఇంటికి వచ్చేసినప్పుడు ఉమ్మీ తలుపు దాకా వచ్చి సాగనంపింది. నేను వచ్చేశాక శుక్రవారం ఫోన్ అటు నుంచి ఇటుకు మారింది. ఇక్కడ నుంచి నేను చేస్తాను, అక్కడ ఉమ్మీ ఎత్తుతుంది. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే, తిన్నావా అని. తిన్నానంటే ఏం తిన్నావని. సంగటి గురించి ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అర్థం కాలేదు, మళ్ళీ వారం మళ్ళీ అడిగేది. నేను అక్కడున్నన్నాళ్ళూ అందరికీ పెట్టి చివర తినేదాన్ని. నేను తిన్నానా లేదా అని ఆ ఇంట్లో అడిగింది ఆమె ఒక్కతే.

చలి మొదలైన రోజుల్లో ఒక శుక్రవారం ఫోన్ ఆ ఇంటి కోడలు ఎత్తింది. ఉమ్మీ నిద్రపోతోంది అంది. మళ్ళీ వారం కూడా ఆమే ఎత్తింది, నిద్రపోతోంది అనే అంది. ఒంట్లో బాగుందా అని అడిగాను, బ్రహ్మాండంగా ఉందంది. ఒకసారి చూపించు అన్నాను. కాసేపటికి వీడియో వచ్చింది. ఉమ్మీ హాల్లో తన కుర్చీలో కూర్చుని, చేతిలో జపమాలతో, నాకు చెయ్యి ఊపుతోంది. చూసి సంతోషపడబోయి ఆగిపోయాను. ఆమె వెనకాల కిటికీకి గోధుమరంగు పరదా ఉంది. ఆ పరదా చినిగిపోతే, నేను ఇంటికి వచ్చే ముందు నా చేతులతోనే దించి, నీలం పరదా వేసి వచ్చాను.

పాత వీడియో పంపడానికి కారణాలు వేరే కూడా ఉండొచ్చు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టాలతో ఉంటే అలా చూపించడం ఇష్టం లేక పాతది పంపి ఉండొచ్చు. నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. కానీ ఆచారం మన ఒక్కరిదేనా, మనసున్న ప్రతిచోటా ఉంటుందేమో అని లోపల ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఆ వీధిలో పనిచేసిన మనవాళ్ళు అందరూ వచ్చేశారు, పోయి చూసి చెప్పేవాళ్ళు లేరు. ఉమ్మీ ఉందా లేదా. నాకు తెలియాల్సింది అదొక్కటే.

తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఉమ్మీ కొడుకు అక్కడి టీవీలో పొద్దున్నే ఒక కార్యక్రమం చేస్తాడు. అక్కడ తొమ్మిదైతే మనకు పదకొండున్నర. జనం ఫోన్ చేసి మాట్లాడతారు, ఇతను జవాబు చెప్తాడు, అప్పటికప్పుడు జరిగేది. వాడు నిక్కరు వేసుకున్నప్పటి నుంచి నాకు తెలుసు. మార్కులు తక్కువ వస్తే వాడి మొహం ఎట్లా ఉంటుందో, అమ్మ దగ్గర దాచేటప్పుడు ఎట్లా ఉంటుందో వాడి పెళ్ళానికంటే నాకే బాగా తెలుసు. ఫోన్‌లో మాట దాచొచ్చు. తల్లి పోయినవాడు కెమెరా ముందు మొహం ఎక్కడ దాస్తాడు? నేను చూస్తే చాలు.

అన్న కూతురు ఫోన్‌లో వెతికి అతని ముక్కలు కొన్ని చూపించింది. అవి ఎప్పటివని అడిగితే చెప్పలేకపోయింది. అప్పుడే జరుగుతున్నది చూపించమంటే, మీ దేశంలో ఇది రాదు అని తెర మీద రాసి వచ్చింది. అప్పుడు డిష్ ఆలోచన వచ్చింది. ఆకాశం నుంచి నేరుగా పడేదాన్ని మధ్యలో ఎవరూ ఏరి పంపరు కదా.

అనంతపురంలో పాత డిష్షులు అమ్మే దుకాణం ఒకటి వెతికి పట్టుకున్నాను. అతను విషయం విని తల గోక్కున్నాడు. ఆ ఉపగ్రహం మన కోసం పెట్టింది కాదమ్మా, గల్ఫ్ దేశాల కోసం పెట్టింది, పక్కింటి దీపం వెలుతురు మన గోడ మీద పడినట్టు అంచు మాత్రమే మనకు తగులుతుంది, పెద్ద డిష్ కావాల అన్నాడు. ఆ మాట బాగానే చెప్పాడు. వెంటనే వెనక నుంచి దుమ్ము పట్టిన జాలీ డిష్ ఒకటి లాక్కొచ్చాడు. మన వైపు ఆషాఢం గాలి తెలుసు కదా, జాలీ అయితే గాలి దూరిపోతుంది, నిలబడుతుంది అన్నాడు. అమ్ముడుపోని సరుకును ఇంత ప్రేమగా తుడిచేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇంకో దుకాణానికి పోయి వేరే మనిషిలా అడిగాను. గల్ఫ్ సిగ్నల్‌కు జాలీ పనికిరాదు, ఆ తరంగం సన్నది, గాలితో పాటు అదీ బొక్కల్లో నుంచి జారిపోతుంది, గట్టి రేకు డిష్ తీసుకో అన్నాడు అతను. కానీ అతని దగ్గర పెద్దది లేదు. అమ్మే సరుకు లేనివాడు చెప్పింది నమ్మొచ్చు అనుకున్నాను. మొదటి దుకాణానికే తిరిగి వచ్చి రేకుది కావాలన్నాను. అవునమ్మా, దీనికి రేకుదే మేలు అన్నాడు, ముందు నుంచీ అదే చెప్తున్నట్టు.

తర్వాత కేబుల్. లోపల నిఖార్సైన రాగి అన్నాడు. కువైట్‌లో బంగారం కొనేటప్పుడు నేర్చుకున్న చదువు నాకుంది. మా ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం సంచిలోంచి తీసి, తొక్క వలిచిన తీగ దగ్గర పెట్టాను. టక్కున అతుక్కుంది. రాగికి అయస్కాంతం అతుక్కోదు. రాగి పూత పూసిన ఇనుము అది. అతను అయస్కాంతాన్ని, నన్ను మార్చి మార్చి చూసి, ఈ చుట్ట ఎట్ల వచ్చినాదో ఇందులోకి అంటూ వేరే చుట్ట తెచ్చాడు. దానికి అతుక్కోలేదు.

ఇక ఎల్ఎన్‌బీ. డిష్‌కు ముందర కడ్డీల మీద కూర్చుని, పళ్ళెం ఏరి ఇచ్చిన సిగ్నల్‌ను అందుకునే చిన్న డబ్బా అది. బలహీనమైన సిగ్నల్‌కు ప్రాణం అక్కడే అని ఇద్దరు దుకాణదారులూ చెప్పారు. డబ్బా సొంతంగా చేసే రొద ఎంత తక్కువైతే అంత మంచిదట, ఆ రొద ఎంతో పెట్టె మీద అంకె వేసి ఉంటుందట. పెట్టెలన్నీ దించమన్నాను. నాసిరకానికీ మేలురకానికీ అన్నింటి మీదా ఒకటే అంకె. సంతలో కోళ్ళన్నీ ఒకే బరువు తూగితే తప్పు కోళ్ళది కాదు, తక్కెడది. అతను మాత్రం ఒకదాన్ని పక్కకు తీసి, మీ ఇంట్లో చిన్న డిష్‌కు ఉన్నది దీనికి పనికిరాదు, దాని మూతి వేరు, పెద్ద గుండ్రటి డిష్‌కు ఈ వెడల్పు మూతిదే కావాల అన్నాడు. జాలీ సంగతీ, కేబుల్ సంగతీ చూసినాక ఆ మాట ఎవరు నమ్ముతారు? ఇంట్లో ఉన్న పాతదే చాలన్నాను. ఆ ఒక్క విషయంలో అతను నిజం చెప్పి ఉంటాడని నాకు తోచలేదు.

డిష్ బిగించే పని అన్న పెట్టుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి వేసిన బోర్లలో ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడక చేను బీడు పెట్టి, కూతురి చదువు కోసం నా దగ్గరికి వచ్చేశాడు. మిద్దె మీద సిమెంటు దిమ్మె కట్టాడు, గాలికి లేవకుండా నాలుగు వైపులా తీగలు లాగి కట్టాడు. పని బాగానే చేశాడు. సిగ్నల్ వెతకడం దగ్గర మొదలైంది మా తగువు. నేను కింద టీవీ ముందు, అతను పైన డిష్ దగ్గర. తెర మీద రెండు గీతలుంటాయి, ఒకటి బలం, ఒకటి క్వాలిటీ. బలం గీత ఏం తిప్పినా తిప్పకపోయినా నిండుగానే ఉంటుంది. క్వాలిటీ గీతే అసలుది, అది లేస్తేనే బొమ్మ. రోజుల తరబడి అది సున్నా దగ్గర నుంచి కదల్లేదు. అన్న మాత్రం పై నుంచి, వస్తాండాది పాపా, దగ్గర్లోనే ఉండాది, బోరు పాయింట్ పట్టినంత ఓపిక కావాల అని అరిచేవాడు. అతను పట్టిన బోరు పాయింట్లలో ఎన్ని నీళ్ళు పడ్డాయో నాకు తెలుసు.

నాలో పురుగు దారి మార్చుకుని అన్న మీదికి పాకింది. ఇతనికి సిగ్నల్ రావడం ఇష్టం లేదేమో. నాయన విషయంలో నా మంచికే దాచినట్టు, ఇప్పుడు కూడా నా మంచికే డిష్‌ను తప్పుగా తిప్పుతున్నాడేమో. ఉమ్మీ పోయిందని తెలిస్తే ఇది తట్టుకోలేదు, తెలియకుండా ఉంటేనే మేలు అని అనుకుంటున్నాడేమో. అతను ఎప్పుడో ఒకసారి చేసిన పనే కదా.

ఒకరోజు చెప్పకుండా మెట్లెక్కి పైకి పోయాను. అన్న డిష్ నీడలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. డిష్ చూస్తే మొహం వాయవ్యానికి తిరిగి ఉంది.

"ఎవురు చెప్పినారు ఇట్ల తిప్పమని?"

"ఎవురు చెప్పాల? కువైట్ ఉండేది ఆ పక్కనే గదా. నిన్ను ఇడ్సిపెట్టిన ప్రతిసారీ నిలబడుకోని సూసినా. విమానం ఇట్లే పోతాది. నువ్వు ఆడున్నన్నాళ్ళూ నేను సూసింది ఈ దిక్కుకే."

కొంచెం కరిగినట్టే అయింది గాని, ఇది కూడా అల్లిన మాటేమో అని వెంటనే గట్టిపడ్డాను. అన్నను బండి ఎక్కించి దుకాణానికి తీసుకుపోయాను. దుకాణదారుడు మొదట నవ్వాడు, నా మొహం చూసి నవ్వు ఆపాడు. ఊరు ఎక్కడుంటే ఉపగ్రహం అక్కడ ఉండదమ్మా, అవన్నీ భూమి నడుముకు ఎదురుగా ఒకే వరసలో నిలబడి ఉంటాయి, ఆ ఊరిది మీకు పడమటికి, కాస్త దక్షిణంగా, ఎత్తు తక్కువలో దొరుకుతుంది అన్నాడు. కచ్చితంగా ఎక్కడని అడిగితే, శివరాత్రికీ ఉగాదికీ నడుమ కొన్ని రోజులు సాయంత్రం నాలుగు దాటినాక పొద్దు సరిగ్గా దాని వెనకాలికి వస్తుంది, అప్పుడు ఎల్ఎన్‌బీ నీడ పళ్ళెం నడిమధ్యలో పడేట్టు తిప్పి బిగించండి, పొద్దే మీకు చోటు చూపిస్తుంది అన్నాడు. శివరాత్రి ఇంకా రాలేదు. గడువు పెట్టి తప్పించుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అన్న మాత్రం ఎంతో సంతోషపడ్డాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం.

ఆ మధ్యలో ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తూనే ఉన్నాను. నిద్రపోతోంది అని వింటూనే ఉన్నాను.

శివరాత్రి దాటినాక అతను చెప్పిన రోజుల్లో ఇద్దరం మిద్దె ఎక్కాం. చెరువు మీదుగా వచ్చే గాలి వేడిగా ఉంది. నాలుగు దాటింది. ఎల్ఎన్‌బీ నీడ మొదట పళ్ళెం అంచున గుడ్డులా పడింది. అన్న నట్లు వదులు చేసి పళ్ళేన్ని మెల్లగా తిప్పుతూ, వంచుతూ పోయాడు. నీడ జరుగుతూ జరుగుతూ వచ్చి నడిమధ్యలో గుండ్రంగా కూర్చుంది. అక్కడ బిగించాడు. నేను కిందికి పరుగెత్తాను. క్వాలిటీ గీత సున్నా. అంతా మోసం అనుకున్నాను. దుకాణదారుడు దొంగ, అన్న తెలివితక్కువవాడు, నేను అంతకంటే తెలివితక్కువదాన్ని. టీవీ ఆపేయబోతుండగా గీత కదిలింది. పొద్దు సరిగ్గా వెనకాల ఉన్నంతసేపు దాని సెగే సిగ్నల్‌ను మింగేస్తుందట, అది పక్కకు తప్పుకోగానే దారి వచ్చింది. ఆ సంగతి అతను మాకు చెప్పలేదు. తెర మీద గళ్ళు గళ్ళుగా ఏదో మనిషి, ఏదో సముద్రం, ముక్కలు ముక్కలుగా అరబ్బీ మాట. చాలాకాలం తర్వాత ఆ భాష మా గోడల మధ్య వినబడింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మరుసటి రోజు పదకొండున్నరకు కొడుకు వచ్చాడు. తెర మూలన ఉన్న గడియారం తొమ్మిది చూపిస్తోంది, అంటే ఇది ఇప్పటిదే. కానీ బొమ్మ నిలవడం లేదు. అతని మొహం ఒక్క క్షణం కనబడి గళ్ళుగా విరిగిపోతుంది, మళ్ళీ అతుక్కుంటుంది, మళ్ళీ విరుగుతుంది. మధ్యలో అతను నవ్వినట్టనిపించింది.

"నగుతాండాడు సూడు పాపా," అన్నాడు అన్న. "అంతా బాగుండాది. ఇంగ సాలు."

ఆ 'ఇంగ సాలు' నాకు నచ్చలేదు. టీవీలో పనిచేసేవాడు నవ్వడం జీతానికి. విరిగిన మొహంలో విరిగిన నవ్వు చూసి ఏం నమ్మాలి? నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటారు, ఇక్కడ నిలకడే లేదు. ఆ మధ్యాహ్నమే దుకాణానికి పోయాను. దుకాణదారుడు ఏమీ అనకుండా, మొదట్లో పక్కకు తీసిన ఆ వెడల్పు మూతి ఎల్ఎన్‌బీనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను తిరిగొస్తానని తెలిసినట్టు దాన్ని ఎవరికీ అమ్మలేదు. బిగించేటప్పుడు నిటారుగా పెట్టొద్దని, మన డిష్షులు నెత్తిమీదికి చూస్తాయి కాబట్టి వాటికి నిటారు సరిపోతుందని, ఇంత పక్కకు ఉండేదానికి ఎల్ఎన్‌బీని కూడా బాగా పక్కకు వాల్చాలని చెయ్యి తిప్పి చూపించాడు. దారి పొడవునా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఇది కూడా మోసమే అయితే బాగుండు అని ఒక్క క్షణం అనుకున్నాను.

అన్న దాన్ని బిగించి, అతను చూపినట్టు వాల్చుతూ పోయాడు. ఒకచోట క్వాలిటీ గీత చప్పున లేచి నిలబడింది. ఇక కదల్లేదు.

మరుసటి ఉదయం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. కొడుకు వచ్చాడు. ఈసారి కనుబొమల మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. గడ్డం చక్కగా దిద్దుకున్నాడు, మాట తడబడటం లేదు. వాడి మొహంలో వెతికి వెతికి నాకేమీ దొరకలేదు. అన్న నా వైపు చూస్తున్నాడని తెలుస్తోంది. సంతోషపడొచ్చా అని నన్ను నేను అడుగుతుండగా, ఎవరో ఫోన్ చేసి ఏదో అన్నారు, వాడు వింటూ ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆ చేతిలో జపమాల ఉంది. తేనెరంగు పూసలు. చివర వేలాడే కుచ్చు నెమలికంఠం రంగుది.

అలాంటి కుచ్చు ఆ దేశంలో ఇంకొకటి ఉండదు. ఉమ్మీ జపమాల తెగి పూసలు మంచం కింద దొర్లిపోతే, పాక్కుంటూ పోయి అన్నీ ఏరింది నేను. గట్టి దారం ఇంట్లో దొరక్క, నా ధర్మవరం చీర కొంగు కుచ్చులోంచి పట్టుదారాలు తీసి పేనాను. ఆ దారంతోనే గుచ్చి, చీరకు వేసినట్టే చివర ముడి వేసి కుచ్చు కట్టాను. వెండి కుచ్చు వేయిస్తానని కొడుకే అన్నాడు. ఉమ్మీ వినలేదు. అది ఆమె చేతిలోంచి కదిలేది కాదు. నిద్రలో దిండు కింద ఉండేది, స్నానం చేసేంతసేపు నా మణికట్టుకు చుట్టేది, ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు.

వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. బొటనవేలు మాత్రం ఒక్కొక్క పూసనూ నెడుతూ పోతోంది. ఆమె కూడా అలాగే నెట్టేది. నేను లేచి టీవీ ఆపేశాను. అన్న ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించి, దాని మీద ఏమీ పెట్టకుండా చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

వెంటనే ఫోన్ చేయలేదు. వారం మధ్యలో చేస్తే వాళ్ళకు అనుమానం వస్తుంది. శుక్రవారం దాకా ఆగి, ఎప్పుడూ చేసే వేళకే చేశాను. కోడలు ఎత్తింది. అన్న పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాడు. ఉమ్మీ ఎట్లా ఉందని అడిగాను, బాగుందంది. నిద్రపోతోంది అంది. ఎప్పుడూ అనని మాట ఒకటి ఆ రోజు కలిపింది.

"లేపమంటావా?"

ఆమె గొంతు సన్నగా, దారం చివరిదాకా లాగినట్టుంది. ఒక్క ఊ అంటే ఆమె చెప్పేసేది, నాకు తెలుసు.

"వద్దు. లేపొద్దు, పడుకోనీ," అన్నాను. "లేచినాక చెప్పు, నేను తిన్నానని."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. చెప్తాను అంది. ఫోన్ పెట్టేశాను.

అన్నకు అరబ్బీ రాదు. ఏమన్నారని అడిగాడు. నిద్రపోతోందన్నారని, లేపొద్దన్నానని చెప్పాను. జపమాల సంగతి కూడా అప్పుడే చెప్పాను. విని తల వంచుకున్నాడు. చాప ఈనె ఒకటి లేచి ఉంటే దాన్ని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. నాయన సంగతి దాచినందుకు ఇన్నేళ్ళుగా అతని నోట ఒక మాట వస్తుందని నేను కాచుకుని ఉన్నాను. వస్తే ఏమనాలో కూడా ఎన్నోసార్లు కూర్చుకుని పెట్టుకున్నాను. అతను అడిగింది వేరే.

"నాయనప్పుడు గూడా నువ్వు ఇదే మాట అంటివి. పండుకోనీ అని." తల ఎత్తలేదు. "ఆ పొద్దు గూడా తెలిసే అన్నావా పాపా?"

మిద్దె మీద గాలికి డిష్ తీగలు సన్నగా మోగుతున్నాయి. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"వీడియోలో నాయన తెంపుతాండేది పచ్చి కాయ న్నా. వాన పంట మనది, దీపావళి అప్పుడు తప్ప మన ఇంట్లో పచ్చి చెట్టు యాడుంటాది? నువ్వు పంపింది ఎండాకాలంలో."

"మరి అడగకపోతివే?"

"అడిగితే నువ్వు చెప్తావని."